రెండు లెక్కలూ నిజమే: లక్సెంబర్గ్‌లో మహిళల ఉపాధి పెరుగుదల మీద ఒక కేస్ స్టడీ

ఈ కేసులో పెద్దగా ఎవరూ తప్పు లెక్క వేయలేదు. అయినా ఒకే దేశం, ఒకే ఏడాది మీద రెండు సంస్థలు రెండు మాటలు చెప్పాయి. మహిళల ఉపాధి బాగా పెరిగిందని ఒకరు, తగ్గిందని ఇంకొకరు. పెరిగిందని అచ్చేసిన సంస్థ పరుగున మా దగ్గరికి వచ్చింది. మాది గణాంకాల పని చేసే చిన్న ఆఫీసు. యూరప్‌లో ముగ్గురం ఉంటాం, హైదరాబాద్ నుంచి ఒక కుర్రాడు పనిచేస్తాడు.

దేశం లక్సెంబర్గ్. ఆ పేరు దాచితే ఇక కేసే ఉండదు. సంస్థ ఏది, ఏ ఏడాది, వాళ్లు వేసిన అంకెలు ఏమిటి అన్నవి మాత్రం చెప్పను. లెక్క చూపించాల్సిన చోట 100, 60 లాంటి గుండ్రటి అంకెలు పెట్టాను. అవి పద్ధతి అర్థమవడానికి పెట్టినవే, ఆ దేశపు గణాంకాలు కావు. అసలు గణాంకం ఇచ్చిన చోట అది ఏ ఏడాదిదో పక్కనే ఉంటుంది.

నేపథ్యం

లక్సెంబర్గ్ విస్తీర్ణం 2,586 చదరపు కిలోమీటర్లు. మన దగ్గర చిన్న జిల్లా అంత ఉంటుంది. ఫ్రాన్స్, బెల్జియం, జర్మనీ మధ్యలో ఇరుక్కుని ఉంది. 2011 జనగణనలో 5,12,353 మంది ఉంటే, 2021 జనగణనలో 6,43,941 మంది తేలారు. పదేళ్లలో నాలుగో వంతుకు పైగా పెరిగారు. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం బయటి దేశాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లదే.

ఇంకో విశేషం ఉంది, ఈ కేసంతా దాని చుట్టూనే తిరుగుతుంది. దేశంలోని ఉద్యోగుల్లో దాదాపు సగం మంది ఆ దేశంలో ఉండరు. పొద్దున్నే సరిహద్దు అవతలి థియోన్‌విల్, ఆర్లోన్, ట్రియర్ లాంటి ఊళ్ల నుంచి రైల్లోనో కారులోనో వచ్చి, సాయంత్రం వెళ్లిపోతారు. అక్కడ వాళ్లను ఫ్రాంటాలియేలు అంటారు. ఈ మధ్య సంవత్సరాల్లో వాళ్ల సంఖ్య 2,20,000 దాటింది. సగానికి పైగా ఫ్రాన్స్ వైపు నుంచి వస్తారు, మిగతావాళ్లు బెల్జియం, జర్మనీల నుంచి. వాళ్లలో స్త్రీల వాటా దేశంలో ఉండే ఉద్యోగుల్లో కన్నా తక్కువ.

మహిళల ఉపాధి చరిత్ర కూడా కొంచెం తెలియాలి. పెళ్లయిన స్త్రీకి చట్టం ముందు భర్తతో సమానమైన హక్కులు 1972 డిసెంబర్‌లో వచ్చిన చట్టంతో గానీ రాలేదు. అందుకే పెద్ద వయసు స్త్రీలలో ఉద్యోగం చేసేవాళ్లు చాలాకాలం తక్కువగానే ఉన్నారు. 2009లో పిల్లల సంరక్షణ ఖర్చులో ప్రభుత్వం కొంత భరించే వోచర్ పథకం మొదలైంది. 2016 డిసెంబర్‌లో తల్లిదండ్రుల సెలవు నిబంధనలు మారాయి, ఆ సెలవు వాడుకునే తండ్రులు కూడా బాగా పెరిగారు. 20 నుంచి 64 ఏళ్ల స్త్రీలలో ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు 2000ల మొదట్లో సగానికి కాస్త పైన ఉండేవారు, ఇప్పుడు 70 శాతం చుట్టూ ఉన్నారు. దీర్ఘకాలంలో దిశ గురించి ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా 'ఈ ఏడాది ఎంత' అన్న దగ్గరే.

వచ్చిన సమస్య

ఆ సంస్థ ప్రతి మార్చిలో మహిళా దినోత్సవానికి ముందు ఒక పేజీ వేస్తుంది. పైన పెద్ద అక్షరాల్లో ఒక అంకె, దాని పక్కన పైకో కిందికో బాణం, కింద రెండు పేరాలు. ఆ ఏడాది బాణం పైకి ఉంది. అదే వారంలో ఇంకో సంస్థ నివేదికలో బాణం కిందికి ఉంది. ఒక విలేకరి రెంటినీ పక్కపక్కన పెట్టి, "ఇందులో ఏది అబద్ధం?" అని అడిగాడు.

ఆ సంస్థ తరఫున మాతో మాట్లాడిన ఆవిడకు గణాంకాలు కొత్త కాదు, టెన్షన్ మాత్రం బాగా ఉంది. ఆవిడ అడిగింది ఒక్కటే: "మాకు ఒక్క అంకె కావాలి. దాన్ని ఎవరూ కొట్టిపారేయకూడదు." ఆ మాటకు నేను వెంటనే సరే అన్నాను. ఈ కేసులో నేను చేసిన మొదటి తప్పు అదే. ఆ అంకె దేనికి కావాలో అడగకుండా, ఎక్కడ దొరుకుతుందా అని వెతకడం మొదలుపెట్టాం. ఐదు వారాలు దానికే పోయాయి.

వరుసగా పనికిరాకుండా పోయినవి

అందరూ చూసే చోటే మొదట చూశాం. ప్రపంచ బ్యాంకు సైట్‌లో మహిళల శ్రామిక భాగస్వామ్య రేటు ఒక్క క్లిక్‌తో దిగుతుంది, దశాబ్దాల వరుస నున్నగా ఉంటుంది. ఆ నునుపు చూసే అనుమానం వచ్చింది. ఇంత చిన్న దేశంలో సర్వే అంకెలు ఏడాదికేడాది కొంచెమైనా ఎగుడుదిగుడుగా ఉండాలి. తీరా చూస్తే మేం దించుకున్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ గణిత మోడల్‌తో కట్టిన అంచనా. దేశాలను ఒకదానితో ఒకటి పోల్చడానికి అది మంచిదే. ఒక చిన్న దేశంలో ఒక్క ఏడాది కదలికను పట్టడానికి మాత్రం తయారు చేసింది కాదు. పైగా అది ఉపాధి రేటు కాదు. ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు కూడా అందులో ఉంటారు. ఒక ఏడాది నిరుద్యోగం పెరిగితే భాగస్వామ్యం కదలకుండానే ఉపాధి తగ్గుతుంది. 15 ఏళ్లు దాటిన అందరినీ లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి పింఛనుదారులు పెరిగినా రేటు కిందికి దిగుతుంది. పక్కన పెట్టేశాం.

తర్వాత యూరోపియన్ యూనియన్ గణాంక సంస్థ యూరోస్టాట్ దగ్గరికి వెళ్లాం. ఇంటింటికీ వెళ్లి అడిగే శ్రామిక శక్తి సర్వే, 20-64 వయసు, స్త్రీలు, వార్షిక ఉపాధి రేటు. కొత్త పొట్లాట ఇక్కడ మొదలైంది. రేటు 70 నుంచి 71.4కు వెళ్లిందనుకోండి. అది 1.4 పాయింట్ల పెరుగుదల. శాతంలో చెబితే 2 శాతం. సంస్థ పాత పేజీలు తిరగేస్తే కొన్నేళ్లు పాయింట్లు, కొన్నేళ్లు శాతాలు అచ్చయ్యాయి. రెంటికీ పక్కన '%' గుర్తే ఉంది. ఎవరి దురుద్దేశమూ కాదు, పేజీ వేసే మనిషి మారినప్పుడల్లా అలవాటు మారింది.

అసలు చిక్కు శాంపిల్. లెక్క కోసం సర్వేలో 5,000 మంది స్త్రీలు ఉన్నారని, వాళ్లలో 70 శాతం ఉద్యోగస్తులని అనుకుందాం. సాదాసీదా యాదృచ్ఛిక శాంపిల్ అయినా ఆ 70కి అటూ ఇటూ దాదాపు 1.3 పాయింట్ల ఊగిసలాట ఉంటుంది. రెండు వేర్వేరు ఏళ్ల మధ్య తేడా తీస్తే అది సుమారు 1.8 పాయింట్లు అవుతుంది. కొన్ని ఇళ్లను రెండేళ్లూ అడిగి ఉంటే కాస్త తగ్గుతుంది, ఒకే ఇంట్లో అందరినీ అడిగితే కాస్త పెరుగుతుంది. మాట మాత్రం మారదు. అర పాయింటు కదలికకు బాణం గుర్తు వేయడమంటే గాలికి ఊగిన కొమ్మను చూసి చెట్టు పెరిగిందనడమే. పెద్ద దేశాలతో పనిచేసి వచ్చినవాళ్లకు ఇది తట్టదు. జర్మనీ శాంపిల్ ముందు ఈ దేశపు శాంపిల్ ఎంత!

సరే, ఒక్క ఏడాది వద్దు, పదేళ్ల వరుస చూపిద్దాం అనుకున్నాం. వరుస రెండు చోట్ల తెగి ఉంది. 2015లో లక్సెంబర్గ్ సర్వే తీరు మారింది, 2021లో యూరప్ అంతటా కొత్త నిబంధన వచ్చింది. యూరోస్టాట్ అలాంటి ఏడాది పక్కన 'బి' అనే చిన్న అక్షరం పెడుతుంది. ఎక్సెల్‌లోకి అంకెలు మాత్రమే దించుకుంటే ఆ అక్షరం రాలిపోతుంది. సంస్థ గ్రాఫ్‌లో సరిగ్గా అదే జరిగింది. సర్వే మారిన చోట గీత ఆగకుండా సాగిపోయింది.

2021 మార్పు గురించి కాస్త ఆగి చెప్పాలి. పైకి అందరికీ వర్తించే నిబంధనలా కనిపించినా, దాని దెబ్బ స్త్రీల లెక్క మీదే ఎక్కువ. తల్లిదండ్రుల సెలవులో ఉన్న మనిషి ఉద్యోగంలో ఉన్నట్టా, లేనట్టా? పాత పద్ధతిలో మూడు నెలలు మించి పనికి దూరంగా ఉంటే, జీతంలో సగమైనా వస్తోందా అని చూసేవారు. కొత్త పద్ధతిలో, సెలవు మూడు నెలల లోపైనా, లేదా ఉద్యోగం కారణంగా వచ్చే ఆదాయమో భృతో అందుతున్నా ఆ మనిషి ఉద్యోగంలో ఉన్నట్టే. లక్సెంబర్గ్‌లో ఆ సెలవును నాలుగు లేదా ఆరు నెలలు పూర్తిగా తీసుకోవచ్చు, లేదంటే ఎక్కువ నెలలకు సగం సగంగా తీసుకోవచ్చు. సెలవుకాలంలో పిల్లల నిధి నుంచి భృతి వస్తుంది. కాబట్టి ఆరు నెలల సెలవులో ఉన్న తల్లి ఏ గడిలో పడుతుందనేది నిబంధన మీదే ఆధారపడింది. ఆవిడ జీవితంలో ఏమీ మారలేదు, ఉద్యోగం అదే, బిడ్డ అదే. పట్టికలో మాత్రం గడి మారే వీలుంది. చిన్న పిల్లలున్న స్త్రీల ఉపాధి గురించే ప్రచారం చేసే సంస్థకు ఇది చిన్న విషయం కాదు.

తెగిన చోట అతుకు వేద్దామని చూశాం. పాత వరుసను ఒక గుణకంతో పెంచి కొత్త వరుసకు కలపడం మామూలు పద్ధతే. దానికి ఒకే ఏడాదిని పాత, కొత్త రెండు పద్ధతుల్లోనూ కొలిచి ఉండాలి. యూరోస్టాట్ కొన్ని ప్రధాన సూచికలకు వెనకటి అంకెలను సరిదిద్ది ఇచ్చింది. మాకు కావాల్సిన చిన్న చిన్న ముక్కలకు, అంటే పిల్లల వయసు, పార్ట్‌టైమ్ లాంటి వాటికి అది దొరకలేదు. దాంతో 2020కీ 2021కీ మధ్య అసలు మార్పేమీ లేదనుకుని గుణకం కట్టాం. కోవిడ్ ఏడాదికీ కోలుకున్న ఏడాదికీ మధ్య మార్పు లేదనుకోవడం! రాత్రి పదకొండింటికి అది ఎందుకు సబబుగా తోచిందో ఇప్పటికీ తెలియదు. తెల్లారి నేనే కొట్టేశాను.

చివరిగా చేసింది చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. పైకి చూపిస్తున్న అంకెనూ, కిందికి చూపిస్తున్న అంకెనూ కలిపి సగటు తీసి 'సమ్మిళిత సూచిక' అని పేరు పెట్టాం. ఆవిడకు బాగా నచ్చింది, ఒక్క అంకె కదా మరి. పంపేముందు హైదరాబాద్ కుర్రాడు ఫోన్ చేశాడు. "అక్కా, శ్రీసిటీలో షిఫ్ట్ చేసి సాయంత్రానికి బోర్డర్ దాటి తమిళనాడులో ఇంటికి పోయే అమ్మాయి ఉందనుకో. ఆమెను ఆంధ్రలో వేస్తావా, తమిళనాడులో వేస్తావా? సగం ఇక్కడ, సగం అక్కడ అని మాత్రం వేయవు కదా?" అన్నాడు.

సూచిక అక్కడితో పోయింది. కేసు తెరుచుకుంది కూడా అక్కడే.

అసలు తేడా ఎక్కడుంది

రెండు సంస్థలూ రెండు వేర్వేరు గుంపులను లెక్కపెట్టాయి. మా దగ్గరికి వచ్చిన సంస్థ వాడింది లక్సెంబర్గ్ గణాంక సంస్థ స్టాటెక్ జాతీయ ఖాతాలతో (దేశ ఆర్థిక వ్యవస్థ మొత్తం లెక్కలతో) పాటు ఇచ్చే అంకెలను, సామాజిక భద్రత రికార్డుల నుంచి వచ్చే ఉద్యోగుల పట్టికలను. అక్కడ ప్రశ్న "ఈ దేశంలోని యజమానుల దగ్గర ఎంతమంది పనిచేస్తున్నారు?" అని. ఫ్రాంటాలియేలు అందులో ఉంటారు. రెండో సంస్థ వాడింది ఇంటింటి సర్వే, అంటే పైన చెప్పిన శ్రామిక శక్తి సర్వే. అక్కడ ప్రశ్న "ఈ దేశంలో ఉంటున్న స్త్రీలలో ఎంతమంది పనిచేస్తున్నారు?" అని. ఎక్కడ పనిచేసినా సరే. థియోన్‌విల్‌లో ఉండే నర్సు ఇల్లు ఆ సర్వేలో ఉండదు, ఫ్రాన్స్ సర్వేలో ఉంటుంది.

చాలా దేశాల్లో ఈ రెంటి మధ్య తేడా దుమ్ములాంటిది. లక్సెంబర్గ్‌లో అది గోడంత.

ఒక మనిషిని తీసుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. లక్సెంబర్గ్ నగరంలో అకౌంట్స్ చూసే ఒకావిడ అద్దె భరించలేక సరిహద్దు అవతలికి మారింది. అదే ఆఫీసు, అదే కుర్చీ. ఇంటింటి సర్వే లెక్కలో లక్సెంబర్గ్‌కు ఒక ఉద్యోగిని తగ్గింది, ఫ్రాన్స్‌కు ఒకరు పెరిగారు. ఉద్యోగాల లెక్కలో ఏమీ జరగలేదు. ఆ దేశంలో ఇళ్ల ధరల వల్ల ఇలా మారేవాళ్లు తక్కువేం కాదు.

దీనికి తిరగేసిన ఉదాహరణ ఇంకా సరదాగా ఉంటుంది. యూరోపియన్ యూనియన్ సంస్థలను జాతీయ ఖాతాల్లో ఆ దేశపు భూభాగం బయట ఉన్నట్టు చూస్తారు. యూరోస్టాట్ ఆఫీసు లక్సెంబర్గ్ నగరంలోనే, కిర్ష్‌బెర్గ్‌లో ఉంది. అక్కడ కూర్చుని యూరప్ అంతటి ఉపాధి లెక్కలు చూసే ఆవిడ ఆ నగరంలోనే ఉంటే సర్వేలో లక్సెంబర్గ్ ఉద్యోగిని. జాతీయ ఖాతాల దేశీయ ఉపాధిలో మాత్రం లేదు. రోజూ నడిచి ఆఫీసుకు వెళ్తున్నా సరిహద్దు దాటి వెళ్తున్నట్టే లెక్క.

ఇప్పుడు గుండ్రటి అంకెలతో చూద్దాం. దేశంలో ఉండే స్త్రీలు 140 మంది, వాళ్లలో ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు 100. బయటి నుంచి వచ్చేవాళ్లు 60. మొత్తం 160 మంది పనిచేస్తున్నారు. ఏడాది తర్వాత దేశంలో ఉండే స్త్రీలు 143 అయ్యారు, వాళ్లలో ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు 101. బయటి నుంచి వచ్చేవాళ్లు 63. మొత్తం 164. పనిచేసేవాళ్ల లెక్కలో 2.5 శాతం పెరుగుదల. దేశంలో ఉండేవాళ్ల ఉపాధి రేటు మాత్రం 71.4 నుంచి 70.6కు పడింది. పైకి బాణం నిజం, కిందికి బాణమూ నిజం.

కిందికి బాణం గురించి ఇంకో మాట. 0.8 పాయింట్లు అంటే పైన చెప్పిన శాంపిల్ ఊగిసలాటలో సగం కూడా లేదు. అంటే ఆ 'తగ్గింది' అనేదే గట్టిగా అనగలిగిన మాట కాదు.

రేటు పడటానికి ఇంకో దారి కూడా ఉంది, తెలుగువాళ్లకు బాగా తెలిసిందే. 2023 జనవరి 1న దేశ జనాభా 6,60,809, ఏడాది తిరిగేసరికి 6,72,050. ఒక్క ఏడాదిలో 1.7 శాతం. కొత్తగా వచ్చిన కుటుంబంలో సాధారణంగా ఒకరికే ముందు ఉద్యోగం ఉంటుంది. భర్త ఐటీ ఉద్యోగం మీద వస్తే, వెంట వచ్చిన భార్య దిగిన రోజునే జనాభా గడిలో చేరుతుంది. ఉద్యోగుల గడిలో చేరడానికి నెలలు పడుతుంది. యూరప్ బయటి దేశాల వాళ్ల భార్యాభర్తలకు పని అనుమతి విడిగా తీసుకోవాల్సిన బాధ 2023 సెప్టెంబర్ 1 నుంచి తీరింది గానీ, ఫ్రెంచ్ రాకపోతే ఉద్యోగం అంత తొందరగా దొరకదు. ఆ ఏడాది ఉద్యోగం మానేసిన స్త్రీ ఒక్కరూ లేకపోయినా రేటు తగ్గొచ్చు. ఇక జనాభా పెరుగుతున్న దేశంలో రేటు కదలకపోయినా ఉద్యోగినుల సంఖ్య పెరుగుతూనే ఉంటుంది. అలా వచ్చిన పెరుగుదలకు చప్పట్లు కొట్టాలా అన్నది వేరే ప్రశ్న.

పనిచేసిన దారి

ఆరో వారంలో ఆవిడతో మళ్లీ కూర్చున్నాం. మొదటి రోజే అడగాల్సింది అప్పుడు అడిగాను: "ఈ అంకెతో మీరు ఏం చేస్తారు?"

మూడు జవాబులు వచ్చాయి. క్రెష్‌లు, అంటే పిల్లల సంరక్షణ కేంద్రాలు, పెంచమని మున్సిపాలిటీలను అడుగుతారు. కంపెనీల చేత స్త్రీలను తీసుకుంటామని హామీలు రాయించుకుంటారు. మార్చిలో పత్రికలకు ఇస్తారు. మున్సిపాలిటీకి కావాల్సింది అక్కడ ఉండే తల్లుల సంగతి. సర్వే లెక్క తప్ప ఇంకోటి దానికి పనికిరాదు. కంపెనీల హామీకి కావాల్సింది ఆ కంపెనీల్లో ఎవరు కూర్చుంటున్నారనేది. అక్కడ ఫ్రాంటాలియేలను వదిలేస్తే సగం ఆఫీసు మాయమైపోతుంది. ఒక్క అంకె ఈ రెండు పనులూ చేయలేదని ఆవిడే అంది. నాకు చెప్పే అవసరం రాలేదు.

కాబట్టి రెండు అంకెలు, రెండు పేర్లు. 'ఇక్కడ ఉండేవాళ్లు', 'ఇక్కడ పనిచేసేవాళ్లు'. పరిభాషలో వీటికి పెద్ద పేర్లున్నాయి, వాడలేదు. విలేకరి ఫోన్లో విన్న వెంటనే తేడా తెలియాలి. పేర్లు ఖాయం చేయడానికే రెండు రోజులు పట్టింది. మొత్తం కేసులో ఎక్కువ లాభం ఇచ్చిన రెండు రోజులు అవే.

'ఇక్కడ పనిచేసేవాళ్ల' పెరుగుదలను మళ్లీ ముక్కలు చేశాం. జనాభా పెరిగినందుకు ఎంత, ఉపాధి రేటు మారినందుకు ఎంత, సరిహద్దు దాటి వచ్చేవాళ్ల వల్ల ఎంత. పై ఉదాహరణలో పెరిగిన నలుగురిలో ముగ్గురు సరిహద్దు అవతలివాళ్లు. మిగిలిన ఒక్కరూ జనాభా వల్ల వచ్చినవారే. రేటు అలాగే ఉండి ఉంటే ఇద్దరు రావాలి, ఒక్కరే వచ్చారు. ఈ పట్టిక చూపించినప్పుడు గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఏళ్లుగా వాళ్లు క్రెష్‌ల వల్ల వచ్చిందని రాస్తున్న పెరుగుదలలో పెద్ద ముక్క ఫ్రాన్స్‌లోని లొరేన్ నుంచి రైలెక్కి వస్తోంది.

రికార్డుల లెక్కకు శాంపిల్ ఊగిసలాట లేదు. అయినా ఒక గొయ్యి ఉంది, మేమూ అందులో పడ్డాం. మొదట డిసెంబర్‌తో డిసెంబర్‌ను పోల్చాం, సర్వేది మాత్రం ఏడాది సగటు. మొదటి ఆరు నెలలు 100 మంది, తర్వాతి ఆరు నెలలు 104 మంది ఉంటే ఏడాది సగటు 102. రెండో ఏడాదంతా 104 దగ్గరే ఆగిపోయినా సగటు దాదాపు 2 శాతం పెరుగుతుంది. డిసెంబర్‌తో డిసెంబర్ చూస్తే సున్నా. ఒక పేజీలో రెంటినీ కలపకూడదు. సగటుకే కట్టుబడ్డాం. ఉద్యోగాలు ఆగిపోయినప్పుడు ఆ సంగతి సగటులో ఆలస్యంగా తెలుస్తుందని పేజీ కింద రాశాం.

బాణాలు తీసేశాం. సర్వే అంకెకు పక్కన ఊగిసలాట పరిధి చూపించి, దాన్ని దాటితేనే 'పెరిగింది', 'తగ్గింది' అనే మాటలు వాడాలని నియమం పెట్టాం. లేకపోతే 'చెప్పుకోదగ్గ మార్పు లేదు'. దీనికి డైరెక్టర్ ఒప్పుకోవడానికి చాలా టైమ్ పట్టింది. "మార్పు లేదు అని ప్రెస్ నోట్ ఎలా ఇస్తాం?" అన్నాడాయన. న్యాయమైన ప్రశ్నే. చివరికి మూడేళ్ల సగటును మూడేళ్ల సగటుతో పోల్చే ఇంకో వరుస ఇచ్చాం. నెమ్మదిగా కదులుతుంది, కదిలినప్పుడు నమ్మొచ్చు. 2021 దగ్గర గీతను తెంచి చూపించాం. అతుకు వేయలేదు.

పని గంటలు కూడా చేర్చాం. లక్సెంబర్గ్‌లో సుమారు ముగ్గురు ఉద్యోగినుల్లో ఒకరు పార్ట్‌టైమ్ చేస్తారు. సగం రోజు చేసే ఆవిడ పూర్తి రోజుకు మారితే తలల లెక్కలో కనపడదు. స్త్రీల చేతిలో పడే డబ్బు పరంగా అది పెద్ద మార్పు. దీని మీద ఇంతకంటే లోతుకు వెళ్లలేదు, బడ్జెట్ అయిపోయింది.

స్త్రీ పురుషుల వేతన వ్యత్యాసం అంకె కూడా పేజీలో పెడదామని వాళ్లకు ఉంది. 2022కు యూరోస్టాట్ లెక్కలో లక్సెంబర్గ్‌ది మైనస్ 0.7 శాతం, అంటే గంట జీతం సగటున స్త్రీలదే ఒక పిసరు ఎక్కువ. పెట్టొద్దని చెప్పాను. అది యజమానుల దగ్గర తీసిన లెక్క. అందులో నిర్మాణం, రవాణా పనులకు వచ్చే మగ ఫ్రాంటాలియేలు ఉన్నారు, మగవాళ్ల సగటును వాళ్లు కిందికి లాగుతారు. 'ఇక్కడ ఉండేవాళ్లు' అనే గ్రాఫ్ పక్కన అది వేస్తే మళ్లీ అదే విలేకరి అదే ఫోన్ చేస్తాడు.

తర్వాతి ఏడాది

మొదటి ఏడాది పేజీ సజావుగా వెళ్లింది. రెండో ఏడాది ఫిబ్రవరిలో డైరెక్టర్ నుంచి ఫోన్. "పోయినేడాది మీరు ఇచ్చిన అంకె ఇప్పుడు సైట్‌లో వేరేగా ఉందేమిటి?"

తప్పు మాదే. జాతీయ ఖాతాలను గణాంక సంస్థలు వెనక్కి సవరిస్తూ ఉంటాయి, ప్రతి దేశంలోనూ జరిగే పనే. మేం కొత్తగా దించిన ఈ ఏడాది అంకెను, పోయినేడాది అచ్చయిన పాత అంకెతో పోల్చి పెరుగుదల కట్టేశాం. అంటే సవరణ కూడా పెరుగుదలలో కలిసిపోయింది. ఇంకా అచ్చుకు వెళ్లలేదు కాబట్టి బతికిపోయాం. రెండు ఏళ్లనూ ఒకే రోజు దించిన పట్టిక నుంచి తీసి మళ్లీ కట్టాం. పేజీ చివర పోయినేడాది అచ్చయిన అంకె, సవరించిన అంకె పక్కపక్కన వేశాం.

అప్పటి నుంచి మా షీట్‌లో మొదటి నిలువు వరుస అంకెలది కాదు, దించిన తేదీది. రెండోది ఆ 'బి' అనే అక్షరానికి. మూడో వరుసలో ఒక్క మాటే ఉంటుంది: 'ఉండేవాళ్లు' లేదా 'పనిచేసేవాళ్లు'. ఆ మూడూ నిండకపోతే నాలుగో గడిలో అంకె టైప్ కాకుండా హైదరాబాద్ కుర్రాడు తాళం వేశాడు. పోయిన నెల ఆ తాళం నన్నే ఆపింది.